గౌరవ్వ దబ్బనం

దేవుడి ముందు వెలిగించిన నిప్పు మనిషిని కాలుస్తుందా? 2011 దసరా నుంచి ఈ సందేహాన్ని మోస్తూనే ఉన్నాను. ఏ అయ్యగారినీ అడగలేదు. అడిగితే ఏదో ఒక శాంతి చెబుతారు, చేయించుకుని ఇంటికి రావచ్చు. నాకు కావలసింది శాంతి కాదని లోపల ఎక్కడో తెలుసు. అందుకే అడగలేదేమో.

శివరాత్రికి పటాలు తుడుస్తున్న నా భార్య బాలలక్ష్మి, వేములవాడ రాజన్న పటం వెనక నుంచి ఒక దబ్బనాన్ని బయటికి తీసిందని పోయిన భాగంలో చెప్పాను. జానెడు పొడుగు, గోనె సంచులు కుట్టే లావుపాటి సూది. దాని కన్నంలో మందపు తెల్లదారం, ఎనిమిది అంకెలా చుట్టింది చుట్టినట్టే ఉంది.

"ఇదెవలది? దేవుని ఎన్క ఎందుకు దాసినవ్?" అని అడిగింది.

"సిరిసిల్ల గౌరవ్వది," అన్నాను.

"మరి ఆమెది ఆమెకియ్యక?"

అంతే. బాలలక్ష్మి మళ్లీ పటాలు తుడుచుకోసాగింది.

మర్నాడు పొద్దున్నే జగిత్యాలలో బస్సెక్కాను. ఢిల్లీలో రెండో సభ కూడా తెలంగాణ బిల్లు పాస్ చేసిన మరుసటి రోజది. బస్టాండులో ఎవరిని చూసినా నొసట గులాబీ రంగు. ముక్కూమొహం తెలియని మనిషొకడు నా నోట్లో పేడా ముక్క పెట్టి, "తినే కాకా, తెలంగాణ అచ్చింది!" అంటూ కావలించుకున్నాడు. నేనూ నవ్వాను. సకల జనుల సమ్మెలో రోడ్డు మీద వండుకుని తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. కాని ఆ పేడా ముక్క గొంతు దిగడానికి వేములవాడ దాకా పట్టింది.

వేములవాడలో బస్సు మారాలి. గోపురం కనబడగానే చేతులు జోడించాను గాని గుడివైపు కాళ్లు పోలేదు. రాజన్న ఊళ్లో దిగి, దర్శనం చేసుకోకుండా ఇంకో బస్సెక్కడం నా ఎరుకలో అదే మొదలు.

కొత్తగా చదువుతున్న వారికి నాలుగు మాటలు చెప్పాలి. కోరుట్ల బయట ఒక పెద్ద తలుపుల ఫ్యాక్టరీలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. నా పని తలుపులు చేయడం కాదు, పొడి పట్టడం. రంపం కింద రాలే పొట్టుతో బాధ లేదు, గంపలకెత్తి పారబోయవచ్చు. బాధంతా చెక్కను నున్నగా చేసే మిషను దగ్గర లేచే పొడితోనే. అది గోధుమపిండి కన్నా మెత్తన. కింద పడదు. గాల్లో తిరిగి తిరిగి, ఎవరి కంటా పడకుండా పైనున్న దూలాల మీదికెక్కి కూర్చుంటుంది.

అందుకని ప్రతి మిషను నెత్తిన ఒక గొట్టం, గొట్టాలన్నీ పోయి కలిసే చోట ఒక పెద్ద ఫ్యాను. ఫ్యాను ఆ పొడిని పీల్చి, షెడ్డు వెనక వేలాడే పన్నెండు గుడ్డ సంచుల్లోకి తోస్తుంది. గాలి గుడ్డలోంచి బయటికి పోతుంది, పొడి సంచిలో మిగులుతుంది. నిలువెత్తు మనిషి కన్నా పొడుగు సంచులవి. సిరిసిల్ల మరమగ్గం గుడ్డతో గౌరవ్వ కుట్టింది. ఆమె అసలు పని లంగాలు కుట్టడం. ఆ సంగతి తెలిసి మావాళ్లు సంచులను కూడా లంగాలనే అనేవారు. "మల్లన్న, లంగాలు దులిపినవా?" అని పొద్దున పనిలోకి రాగానే ఒకటే నవ్వులు.

ఆ పని ఆమెకు ఇప్పించింది ఆమె తమ్ముడు పరశురాములు. నునుపు మిషను మీద పనిచేసేవాడు. సంచులు అప్పగించిన రోజు గౌరవ్వ నా చేతిలో ఆ దబ్బనం పెట్టలేదు, బల్ల మీద పెట్టింది. సూది చేతికిస్తే తగువు పడుతుందని మావైపు నమ్మకం.

"యాడనన్న కుట్టు ఊడితె దీంతోని ఏస్కో తమ్మీ. మా అత్తదిది. పనైనంక నాది నాకు పంపు," అంది.

నేను పంపలేదు.

* * *

ఆమె ఉండే సందులో రెండువైపులా మరమగ్గాలు. మనిషి మాట వినాలంటే చెవి దగ్గరికి పోవాలి. గౌరవ్వ గడప దగ్గర మిషను వేసుకుని, పక్కన లంగాల కుప్పతో కూర్చుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి కళ్లద్దాలు పైకి నెట్టుకుంది.

"మల్లేశమా! ఏందయ్యా, తొవ్వ తప్పినవా?"

"నీ కోసమే అచ్చిన అక్కా."

"కూసో కూసో. లోకమంత ఎగురుతుంటె నువ్వేంది మొకం గట్ల వెట్టినవ్? తెలంగాణ అచ్చిందంటె ఏడ్పుమొకం వెట్టినోన్ని నిన్నే జూస్తున్న."

చాయ్ పెట్టింది. గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది.

"లంగాలే కుడుతున్నవా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి గనక.

"లంగాలే. సంచులు మానుకున్న. నా సంచి ఎవలు గొంటరు? ఈ వాడల ఒక ముచ్చట వుట్టిచ్చిండ్రు, 'గౌరవ్వ కుట్టు, పట్టుకుంటె ఊడు' అని. లంగాల సేటు గూడ అంచు గుంజి గుంజి జూసి తీస్కుంటడు." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "అన్నందుకు నాకేం కోపం లేదు. ఉన్నదే అంటున్నరు."

"ఉన్నదేంది?"

"నా తమ్ముని చేతులు జూసినవా నువ్వు? కుడిచెయ్యి మూడు వేళ్లు అతుక్కున్నయ్. అన్నం కలుపుకోరాదు, అంగీ గుండీ పెట్టుకోరాదు. గవి గాలింది నా కుట్టుకే గదా." ఆమె కాలు మిషను తొక్కుతూనే ఉంది. "సోమవారం సోమవారం ఎములాడ వోత. పొర్లుదండాలు వెడ్త. నాకొక్కటే బుగులు మల్లేశం. ఏ కుట్టు ఊడింది? మెడ కాడిదా, అడుగుదా? గదన్న తెల్తె, గా దినం నేను యాడ కన్ను మల్పిననో యాదికి తెచ్చుకుందు."

లేచి వెళ్లిపోవచ్చు. దబ్బనం గడప మీద పెట్టి, బస్సుకు వేళయిందని చెప్పి వెళ్లిపోవచ్చు. అప్పు తీరినట్టే ఉంటుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని చెప్పను.

"అక్కా," అన్నాను. "నీ కుట్టు ఊడలే."

ఆమె కాలు వెంటనే ఆగలేదు. ఇంకో జానెడు అంచు కుట్టాక ఆగింది.

"ఏమంటున్నవ్?"

"ఒక్క సంచి గూడ పిగల్లే. ఒక్క కుట్టు గూడ ఊడలే."

"మరి పొడి యాడికెల్లి అచ్చింది?"

చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆమె మొహం చూడలేక, లంగాల కుప్ప చూస్తూ చెప్పాను.

సమ్మెలో బొగ్గు ఆగింది, కరెంటు రోజుకు నాలుగు గంటలైంది. ఫ్యాక్టరీ జనరేటర్ మీద నడిచింది. మా ఫ్యాక్టరీ సేటు నన్ను పిలిచి, "ఫ్యాను తాగే డీజిల్‌తోని మూడు మిషన్లు నడుస్తయి. సమ్మె ఒడిసేదాంక బందు వెట్టు," అన్నాడు. స్విచ్చి నా చేతిలోది. ఆపేశాను. మూడో రోజు పరశురాములు ముక్కుకు తడి తువ్వాల కట్టుకుని వచ్చాడు. "మల్లన్న, ఎదుటి మనిషి కానస్తలేడు. ఫ్యానెయ్యి," అన్నాడు.

"నువ్వేమన్నవ్?" అని అడిగింది గౌరవ్వ.

"తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు చీకట్ల కూసుంటున్నయ్, నువ్వు గింత పొడికి ఓర్వవా అన్న."

ఉద్యమానికీ ఆ ఫ్యానుకూ ఏ సంబంధమూ లేదు. మిగిలిన డీజిల్ సేటుది. కాని ఆ మాట వినగానే పరశురాములు తలవంచుకుని మిషను దగ్గరికి పోయాడు. ఆ తలను నేను దేనితో వంచానో నాకు తెలుసు.

ఇరవై రోజులు ఫ్యాను తిరగలేదు. ప్రతి శనివారం తడిగుడ్డతో దూలాలు తుడిపించడం నా పద్ధతి. వేలితో గీస్తే గీత పడిందా, తుడవాల్సిందే. సమ్మెలో సగం మంది పనికి రాక అదీ మానేశాను. దసరా నాటికి దూలం మీద వేలు పెడితే మొదటి గణుపు దాకా దిగేది.

"పండుగ పొద్దుగాల మిషన్లకు పూజ," అన్నాను. "పరశురాములు బకీట్ల నీళ్లు, తడిగుడ్డ పట్టుకచ్చిండు. పగటాల్ల దాంక పట్టినా మంచిదే, తుడుద్దామన్నడు. నేనే వద్దన్న. ముహూర్తం దాటుతదన్న. గాలి పైపు ఇచ్చి నిచ్చెన ఎక్కిచ్చి, దూలాలు ఊదమన్న."

"ఊదితె?"

"పొడంత కిందికచ్చింది. మాఘమాసం మంచు లెక్క. నా చేతిల ఉన్న పళ్లెం నాకే సరిగ కానరాలే."

"గది దిగనిచ్చినవా?"

"దిగనియ్యలే."

"దిగకముందే ఎలిగించినవా?"

"ఎలిగించిన అక్కా. కర్పూరం."

పెద్ద చప్పుడేమీ కాలేదు. కొలిమిలో ఒక్కసారి గాలి కొట్టినట్టు బుగ్గుమంది. మంట కింద ఆగలేదు, పొడి ఎక్కడుంటే అక్కడికి పైకి పాకింది. నిచ్చెన మీద పరశురాములు మొహం దాచుకోవడానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. నాకు కాలినవి కనుబొమలు. నెల రోజుల్లో మొలిచాయి.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. గౌరవ్వకు అంతా చెప్పేశానని మీరనుకోవచ్చు. ఒకటి చెప్పలేదు. బయటి గాలికి హారతి ఆరితే అపశకునమని, పళ్లెం పట్టుకునే ముందు నేను షెడ్డు షట్టర్ దింపించాను. అది తెరిచి ఉంటే పొడిలో సగమైనా బయటికి పోయేది, మనిషైనా బయటికి పరుగెత్తేవాడు. ఆ మాట నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది.

"సంచులు పిగిలినయన్న కాయితం సంగతి చెప్పు," అంది గౌరవ్వ. గొంతు మారింది.

"సేటు కాయితం రాసుకచ్చిండు. సంచులు పిగిలి పొడి బయటవడ్డదని. పొడికి జిమ్మేదారు నేనే గనక నా సంతకం కావాలన్నడు."

"చదివినవా?"

"చదివిన."

"చదివే వెట్టినవా?"

"చదివే వెట్టిన."

"నా పేరుందా దాంట్ల?"

"ఉంది. గౌరవ్వ, సిరిసిల్ల అని."

గౌరవ్వ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది.

"నువ్వు సోమవారం ఒక్కపొద్దుంటవు గదా?" అంది నెమ్మదిగా. "నెలకొక్కసారన్న ఎములాడ అస్తవని పరశడు చెప్పేది. ఒక మాట అడుగుత, అబద్ధమాడకు. నేను గుడి సుట్టు పొర్లుతుంటె ఎన్నడన్న జూసినవా?"

ఈ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. పోయిన కార్తీకంలో గుళ్లో కోడెను కట్టే మొక్కు కోసం వరసలో నిలబడి ఉన్నాను. తడిబట్టలతో ఒకామె పొర్లుతూ నా కాళ్ల ముందు నుంచి పోయింది. జుట్టు నిండా మన్ను. ఎవరో చిన్నపిల్లల తల్లి, బిడ్డ జబ్బు తగ్గాలని మొక్కి ఉంటుందనుకున్నాను. మొహం తిప్పినప్పుడు తెలిసింది.

"జూసిన," అన్నాను.

"జూసి?"

"వరసల్నించి ఎల్లిపోయిన. కోడె పగ్గం వేరేటోనికిచ్చి."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె కుప్పలోంచి ఒక లంగా తీసి ఒళ్లో పెట్టుకుని, కుట్టిన అంచును వేళ్లతో తడుముతూ కూర్చుంది. ఎన్నడూ ఎవరినీ అడగనిది ఆమెనే అడిగాను. నాకు మిగిలిన ఒకే ఒక్క ఆసరా అది.

"అక్కా, జనరేటర్ వైరుకెల్లి నిప్పురవ్వ అచ్చిందని గూడ కొందరన్నరు. నా ఆరతిదో, ఆ వైరుదో, నాకిప్పటికి తెల్వది. దేవుని ముంగట ఎలిగించిన నిప్పు మనిషిని కాలుస్తదా?"

"నిప్పు ఎవలదైతేందయ్యా?" అంది. "పొడి నీదే గదా. పొడి పట్టుడే గదా నీ పని."

నేనింతకాలం నిప్పు గురించే ఆలోచించాను. పొడి గురించి ఆలోచించకుండా ఉండటానికి నిప్పు నాకు బాగా పనికొచ్చింది. ఆ సంగతి లంగాలు కుట్టే మనిషి గడపలో కూర్చున్న చోటనే కూర్చుని చెప్పేసింది.

జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాను. దబ్బనం ఆమె వైపు చాచాను.

"చేతికియ్యకు, ఆడ వెట్టు," అంది అలవాటుగా.

మిషను బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు, వంగి చూసింది. ఎనిమిది అంకెలా చుట్టిన దారం, దాని నడుమ బిగించిన చిన్న ముడి.

"ఈ ముడి నాదే," అంది. "నేనేసింది ఏసినట్టే ఉన్నది."

"ఒక్కటన్న ఊడితె గీ దారం తెగేది అక్కా. రెండేండ్లు సంచులు నడిచినయ్, నాకు దీని అక్కెర వడలే."

"నా కుట్టు ఊడలే," అంది. నాతో కాదు. ఇంకోసారి అంది. మూడోసారి అంటూ సగంలో ఆగిపోయింది. కళ్లు చిన్నవి చేసి గోడవైపు చూసింది.

"గా దినం పొద్దుగాల వాడు నాకు ఫోన్ జేసిండు," అంది. "పరశడు. 'అక్కా, పండుగ గదా, నీ లంగాలకు పసుపు బొట్లు వెట్టిన. కుట్టు కుట్టు జూసిన, ఒక్కటి గూడ కదల్లే' అన్నడు. పండుగ పూట నన్ను సంబురవెట్టనీకి అన్నడనుకున్న. తెల్లారి సంచులు పిగిలినయంటె, వాడు జూడకుంటనే చెప్పిండని మనసుకు సర్దిచెప్పుకున్న." నా వైపు తిరిగింది. "అంటె వానికెరుకే. నా కుట్టు ఊడలేదని మొదటి నుంచి వానికెరుకే."

సంచులు చెక్కుచెదరలేదని పరశురాములుకు తెలియదని, నేను సంతకం పెట్టిన కాగితమే నమ్మాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. నన్ను ఒక్కనాడూ నిలదీయలేదు గనక.

"వాని చేతులకు నేను నూనె రాస్త," అంది గౌరవ్వ. "రాసుకుంట ఏడుస్త. నా కుట్టు పాడుగాను అని నన్ను నేనే తిట్టుకుంట. వాడు ఇంటడు. అన్నీ ఇంటడు. ఎరుకుండి ఎట్ల ఊకున్నడు మల్లేశం?"

ఆమె అప్పటికే ఫోన్ తీసింది. పరశురాములు ఇప్పుడు వేములవాడలో ఒక లాడ్జి గేటు దగ్గర కూర్చుంటాడు, చేతులతో పనిలేని కొలువు. మగ్గాల రొదలో వినబడదని గౌరవ్వ ఫోన్ స్పీకర్‌లో పెట్టి మిషను బల్ల మీద, దబ్బనం పక్కనే ఉంచింది.

"తమ్మీ, మల్లేశం అచ్చిండు."

అవతల బస్సుల హారన్లు, ఎవరో జై తెలంగాణ అంటున్న కేకలు.

"ఏ మల్లేశం?"

"ఎంత మంది మల్లేశంలున్నరురా నీకు? ఫ్యాక్టరీ మల్లేశం. అంత చెప్పిండు. ఫ్యాను సంగతి, గాలి పైపు సంగతి, కాయితం సంగతి."

"అన్న ఏడున్నడు?"

"నా ముంగటనే ఉన్నడు. ఇంటున్నడు. నువ్వు చెప్పు, నా కుట్టు ఊడలేదని నీకెరుకేనా?"

బస్సుల చప్పుడు దూరమైంది. ఎక్కడో లోపలికి నడిచినట్టున్నాడు.

"అక్కా, మల్లన్న షట్టర్ సంగతి గూడ చెప్పిండా?"

గౌరవ్వ తలెత్తి నన్ను చూసింది. నేను నేల చూశాను. ఆ చూపుతోనే ఆమెకు జవాబు దొరికింది.

"చెప్పలే," అంది ఫోన్‌లోకి.

"గది చెప్పకుంటె నేనెందుకు నోరు మూసుకున్ననో నీకు సమజ్ గాదు. అన్నను ఆణ్ణే కూసోవెట్టు. వోనియ్యకు. నేనస్తున్న."

ఫోన్ ఆగిపోయింది. గౌరవ్వ లేచి, గడపకు అడ్డంగా ఉన్న మిషనును ఇంకొంచెం అడ్డంగా జరిపింది. మళ్లీ కూర్చుంది. వేములవాడ నుంచి సిరిసిల్లకు బస్సు రావడానికి ఎంతసేపు పడుతుందో మా ఇద్దరికీ తెలుసు.

"షట్టర్ సంగతేంది తమ్మీ?"

"చెప్త అక్కా," అన్నాను. "ముందు నీది నువ్వు తీస్కో."

బల్ల మీది దబ్బనాన్ని ఆమె వైపు జరపబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, అరచేయి చాచింది. సూదిమొనలు గుచ్చుకుని గుచ్చుకుని ఆ వేళ్ల కొసలన్నీ నల్లబడి ఉన్నాయి.

"చేతికే ఇయ్యి. పంచాది వడితె వడనీ."

దబ్బనం తీసి ఆమె అరచేతిలో పెట్టాను. గౌరవ్వ పిడికిలి మూసింది.

"ముట్టింది," అంది. "ఇగ చెప్పు."